రెండు స్టీళ్లు కలిసిన చోట పుట్టే మూడో లోహం

విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతూ స్టీలు రెయిలింగును ఒకసారి దగ్గరగా చూడండి. కట్టి నాలుగైదేళ్లయినా పైపు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెల్డింగ్ అతుకు కూడా చాలాచోట్ల బాగానే ఉంటుంది. గోధుమరంగు చార మాత్రం అతుకుకు కొన్ని మిల్లీమీటర్ల అవతల, దాని వెంబడే గీత గీసినట్టు కనిపిస్తుంది. కరిగి గడ్డకట్టిన చోటు బాగుంది, అసలు కరగని చోటు తుప్పు పట్టింది. ఎందుకని?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, రెండు వేర్వేరు రకాల స్టెయిన్‌లెస్ స్టీళ్లను అతికినప్పుడు ఏం జరుగుతుందో సగం అర్థమైనట్టే.

స్టీలు స్టెయిన్‌లెస్ కావాలంటే కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కొద్ది నానోమీటర్ల మందాన ఒక పొర కట్టుకుంటుంది. గీత పడితే తనంతట తనే మళ్లీ పూడుకుంటుంది. మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో 18 శాతం క్రోమియం అని రాసి ఉంటుంది. అది సగటు లెక్క. పొరకు ఆ సగటుతో పనిలేదు, సరిగ్గా తన కింద ఎంత క్రోమియం ఉందన్నదే దానికి ముఖ్యం. వెల్డింగ్ వేడి ఆ సగటును ఏమీ మార్చదు గానీ, క్రోమియాన్ని ఒకచోట పోగేసి పక్కచోట కొల్లగొడుతుంది.

ఆ పని చేసేది కార్బన్. దాదాపు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య స్టీలు కాసేపు నిలిస్తే, అందులోని కార్బన్ స్ఫటిక రేణువుల సరిహద్దులకు చేరి క్రోమియంతో కార్బైడ్‌గా కట్టుకుంటుంది. ఒక్కో కార్బైడ్ లెక్క 23 క్రోమియం పరమాణువులకు 6 కార్బన్ పరమాణువులు. అంటే పిసరంత కార్బన్ బోలెడంత క్రోమియాన్ని లాగేసుకుంటుంది. సరిహద్దు వెంబడి సన్నని దారిలో క్రోమియం 12 శాతం కన్నా దిగువకు పడిపోతుంది. అక్కడ పొర బలంగా నిలవదు. ఉప్పు తేమ తగిలిందంటే తుప్పు ఆ దారినే పట్టుకుని లోపలికి నడుస్తుంది. దీన్నే సెన్సిటైజేషన్ అంటారు.

ఇక చార అతుకు పక్కన ఎందుకు పడుతుందంటే, అతుకు నింపడానికి కరిగించే తీగలో, అంటే ఫిల్లర్ వైరులో, సాధారణంగా కార్బన్ తక్కువ. అతుకును ఆనుకుని ఉన్న లోహం ఆ ప్రమాదపు వేడిని దాటి ఇంకా పైకి వెళ్లి, తిరిగి చప్పున దిగిపోతుంది. మరికొంత దూరంలో ఉన్న పట్టీ 650, 700 డిగ్రీల దగ్గర తచ్చాడుతూ ఎక్కువసేపు ఉండిపోతుంది. చార పడేది ఆ పట్టీ మీదే.

304 అనే స్టెయిన్‌లెస్ రకంలో కార్బన్‌ను 0.08 శాతం దాకా అనుమతించేవారు. 304ఎల్‌లో గరిష్ఠంగా 0.03 శాతమే. ఈ చిన్న తేడాతో, నిమిషాల్లో జరిగే సెన్సిటైజేషన్ గంటలు పట్టేలా మారిపోతుంది. వెల్డింగ్‌లో ఏ చోటూ గంటలు వేడిలో ఉండదు కాబట్టి 304ఎల్ తప్పించుకుంటుంది. గేట్లకు, రెయిలింగులకు విరివిగా వాడే 202 రకం వేరే దారిది. అందులో నికెల్ నాలుగు నుంచి ఆరు శాతమే, దాని బదులు మాంగనీస్ ఏడున్నర నుంచి పది శాతం వేస్తారు. అందుకే చవక. కార్బన్ మాత్రం 0.15 శాతం దాకా ఉండొచ్చు. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసి 'అంటుకోవట్లేదు, అసలు స్టీలే' అంటారు. ఆ పరీక్షకు 202 కూడా అంటుకోదు. 304ను, 202ను అయస్కాంతంతో వేరు చేయడం కుదరదు.

304 పైపుకు 202 పైపు అతికారనుకోండి. ఎంత ఖరీదైన రాడ్ వాడినా 202 వైపున సెగ తగిలిన పట్టీ 202గానే ఉంటుంది. ఫిల్లర్ అతుకును బాగుచేస్తుందే తప్ప పక్కనున్న కరగని లోహం జోలికి పోలేదు. 'మంచి రాడ్ వాడాం కదా, ఇంకేం భయం' అన్న మాట ఫ్యాబ్రికేషన్ షెడ్లలో ఎన్నోసార్లు విన్నాను. అన్నవాళ్లు పని తెలిసినవాళ్లే. అయినా ఆ ధీమాకు అక్కడ ఆధారం లేదు.

సెన్సిటైజేషన్ లేకపోయినా ఇదే చోట చార పడటానికి ఇంకో కారణముంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన పసుపు, ఊదా, నీలం రంగులు వస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి. ఆ రంగు అంటే మందంగా పెరిగిన ఆక్సైడ్. అది పెరగడానికి కావలసిన క్రోమియాన్ని కింది లోహం నుంచే తీసుకుంది కనుక రంగు కింద పలచటి పేద పొర మిగులుతుంది. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలతో చేసిన పిక్లింగ్ పేస్ట్ రాస్తే రంగుతోపాటు ఆ పేద పొర కూడా కరిగిపోతుంది. ఊరికే బఫింగ్ చేస్తే మెరుపు వస్తుంది, పేద పొర చాలాచోట్ల అలాగే ఉంటుంది. మామూలు ఇనుము గ్రైండ్ చేసిన చక్రంతోనే స్టెయిన్‌లెస్‌ను కూడా గ్రైండ్ చేస్తే ఇనుప రజను అంటుకుని, అది వేరే తుప్పు.

కలిపితే ఏమవుతుంది

రెయిలింగు దగ్గర్నుంచి రసాయన కర్మాగారానికి వెళ్దాం. 316ఎల్ పైపును 2205 అనే డ్యూప్లెక్స్ (లోపల రెండు రకాల అల్లికలున్న) స్టీలు ట్యాంకుకు అతకాలి. క్లోరైడ్లు ఎక్కువున్న ద్రవాలకు 316ఎల్ తట్టుకోని చోట 2205ను వాడతారు. ప్లాంటు అంతటా దాన్ని పెట్టే స్తోమత ఎవరికీ ఉండదు. ఎక్కడో ఒకచోట ఈ రెండూ కలవక తప్పదు.

316ఎల్‌లో సుమారుగా 17 శాతం క్రోమియం, 10.5 శాతం నికెల్, 2.1 శాతం మాలిబ్డినం, 0.05 శాతం నైట్రోజన్ ఉన్నాయనుకుందాం. 2205లో 22 క్రోమియం, 5.5 నికెల్, 3.1 మాలిబ్డినం, 0.17 నైట్రోజన్. ఉప్పునీటిలో గుంటలు పడకుండా ఎంత తట్టుకుంటుందో అంచనా వేయడానికి ఈ రంగంలో ఒక కూడిక ఉంది. క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో హెచ్చించి కలపాలి. ఆ సంఖ్యను ప్రెన్ అంటారు. మన 316ఎల్‌కు 24.7 వస్తుంది, 2205కు దాదాపు 35.

అతుకు వేసేటప్పుడు రెండు వైపుల అంచులూ కొంత కరిగి ఫిల్లర్‌లో కలుస్తాయి. అతుకులో 30 శాతం ఇలా వచ్చిందే అనుకుందాం. ఒక్కో వైపు నుంచి 15 శాతం, మిగతా 70 శాతం ఫిల్లర్. షెడ్డులో చేతికి అందేది 308ఎల్ వైరు. 304కు వాడేది అదే కాబట్టి ఎప్పుడూ ఉంటుంది. అందులో 20 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ ఉంటాయి, మాలిబ్డినం ఉండదు. లెక్క కడితే అతుకులో క్రోమియం 19.85, మాలిబ్డినం 0.78, నైట్రోజన్ 0.07 దగ్గర తేలతాయి. ప్రెన్ 23.5.

ఇది రెండింటిలో బలహీనమైన 316ఎల్ కన్నా కూడా తక్కువ. కంటితో చూస్తే అతుకు చక్కగా ఉంటుంది. ఎక్స్‌రేలో ఏ లోపమూ కనపడదు. లాగి చూస్తే బలం కూడా ఉంటుంది. ఉప్పు ద్రవంలో మాత్రం మొదట పోయేది అదే.

ఇప్పుడు అదే చోట 2209 వైరు వాడండి. 23 క్రోమియం, 9 నికెల్, 3.1 మాలిబ్డినం, 0.15 నైట్రోజన్. అతుకులో క్రోమియం సుమారు 22, మాలిబ్డినం 2.95, నైట్రోజన్ 0.14. ప్రెన్ దాదాపు 34. 2205తో ఇంచుమించు సమానం. వైరు మార్చడం తప్ప మరేమీ చేయలేదు. 309ఎల్‌కు మాలిబ్డినం చేర్చిన వైరుతోనూ ఈ జోడీని అతుకుతారు, అదీ పనికొస్తుంది. నా మటుకు నేను 2209 వైపే మొగ్గుతాను, దానిలో నైట్రోజన్ ఉంది గనుక. ఆ నైట్రోజన్ ఎందుకో తర్వాత చెబుతాను.

పటం మీద ప్రయాణం

ప్రెన్ చెప్పేది కూర్పు సంగతే. గడ్డకట్టాక లోపల ఏ అల్లిక ఏర్పడిందో అది చెప్పదు. దానికి ఒక పటం ఉంది. అంటోన్ షెఫ్లర్ 1949లో గీసిన పటం అది. దానికి ఎన్నో మెరుగులు దిద్దాక ఈరోజు ఎక్కువగా వాడేది డబ్ల్యూఆర్‌సీ-1992. స్టీల్లో ఉన్న మూలకాలను రెండు పక్షాలుగా విడదీస్తారు. క్రోమియం, మాలిబ్డినం, నయోబియం ఫెర్రైట్ అనే అల్లికను కోరతాయి. నికెల్, కార్బన్, నైట్రోజన్ ఆస్టెనైట్‌ను కోరతాయి. 1992 పటంలో కార్బన్‌కు నికెల్ కన్నా 35 రెట్లు, నైట్రోజన్‌కు 20 రెట్లు బలం కట్టారు. మొదటి పక్షం మొత్తం అడ్డంగా, రెండో పక్షం మొత్తం నిలువుగా పెడితే ఏ స్టీలుకైనా పటం మీద ఒక చుక్క వస్తుంది.

వేర్వేరు స్టీళ్లు అతికేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సాధనం లేదంటాను. రెండు స్టీళ్ల చుక్కలు పెట్టి గీతతో కలపండి. రెండూ సమానంగా కరుగుతాయనుకుంటే దాని నడిమధ్యన గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి ఫిల్లర్ చుక్కకు ఇంకో గీత. ఫిల్లర్ దగ్గర్నుంచి ఆ గీత మీద 30 శాతం దూరం వెనక్కి నడిస్తే మీ అతుకు అక్కడుంటుంది. కరెంటు పెంచి అంచులు ఎక్కువ కరిగిస్తే ఇంకా వెనక్కి జరుగుతుంది. పెన్సిలు, స్కేలు ఉంటే చాలు.

మామూలు 304, 316 అతుకుల్లో గడ్డకట్టేటప్పుడు కొద్దిగా ఫెర్రైట్ ఉండటం మంచిది. గంధకం, భాస్వరం ఆస్టెనైట్‌లో ఇమడవు. చివరికి మిగిలిన ద్రవంలో పోగై, రేణువుల మధ్య సన్నటి తడి పొరగా నిలిచి, లోహం ముడుచుకునేటప్పుడు పగుళ్లు తెస్తాయి. ఫెర్రైట్ వాటిని తనలో కలుపుకుంటుంది. అందుకే ఫెర్రైట్ ఎంతుందో చెప్పే ఫెర్రైట్ నంబరు 3 నుంచి 10 మధ్య ఉండేలా ఫిల్లర్లను తయారుచేస్తారు. మంచి 304 అతుకుకు అయస్కాంతం కొంచెం అంటుకోవడం ఇందువల్లే. అంటుకుంటోందని చూసి రాడ్ నకిలీదని గొడవపడనక్కర్లేదు.

ఫెర్రైట్ మితిమీరినా చిక్కే. అది గొలుసులా అల్లుకుపోతే, తర్వాత 600 డిగ్రీల పైన చాలాకాలం పనిచేసే చోట సిగ్మా అనే పెళుసు పదార్థంగా మారుతుంది. సిగ్మా నిండా క్రోమియం, మాలిబ్డినం. దాని చుట్టుపక్కల మళ్లీ ఆ రెండూ కరువు. కార్బైడ్ చేసిన పనే ఇంకో రూపంలో.

డ్యూప్లెక్స్ వైపు

2205 లోపల ఫెర్రైట్, ఆస్టెనైట్ దాదాపు చెరి సగం. ఈ సమతూకం మిల్లులో జాగ్రత్తగా సాధించింది. వెల్డింగ్ సెగకు అతుకును ఆనుకున్న చోట వేడి 1300 డిగ్రీలు దాటితే ఆ సగమంతా చెరిగి దాదాపు మొత్తం ఫెర్రైట్ అయిపోతుంది. చల్లారేటప్పుడు ఆస్టెనైట్ మళ్లీ పుట్టాలి. దానికి కొంత సమయం కావాలి, నైట్రోజన్ కావాలి. మరీ వేగంగా చల్లారితే ఆస్టెనైట్ పుట్టే వ్యవధి ఉండదు. ఫెర్రైట్‌లో నైట్రోజన్‌కు చోటు తక్కువ కాబట్టి అది క్రోమియం నైట్రైడ్‌గా రాలుతుంది, మళ్లీ క్రోమియం దోపిడీ. మరీ నెమ్మదిగా చల్లారితే సిగ్మా పుడుతుంది.

అందుకే 2205కు వేడి హద్దులు రెండు వైపులా ఉంటాయి. మిల్లీమీటరుకు సుమారు 0.5 నుంచి 2.5 కిలోజౌళ్ల మధ్య వేడి, ఒక వరసకూ ఇంకో వరసకూ నడుమ లోహం 150 డిగ్రీలకు మించకూడదు. 316ఎల్ మీద ఏళ్ల తరబడి చేయి తిరిగిన వెల్డర్‌కు 'వేడి తక్కువైతే అంత మంచిది' అని అలవాటు. ఆ అలవాటు ఈ జోడీలో ఒక వైపుకు సరిపోతుంది, ఇంకోవైపుకు చేటు చేస్తుంది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పకపోతే తప్పు అతనిది కాదు, పని పద్ధతి రాసిచ్చినవారిది.

నైట్రోజన్ విలువ స్టీలు తయారీదారులకు అనుభవం మీద తెలిసివచ్చింది. ఎస్31803 అన్న పాత నిర్దేశంలో నైట్రోజన్ కనీసం 0.08 శాతం ఉంటే చాలన్నారు. తర్వాత వచ్చిన ఎస్32205లో కనీసాన్ని 0.14కు పెంచారు. సెగ తగిలిన పట్టీలో ఆస్టెనైట్ త్వరగా తిరిగి పుట్టడానికే ఇది. ఆర్గాన్ వెల్డింగ్‌లో కరిగిన లోహం నుంచి నైట్రోజన్ కొంత గాలిలోకి పోతుంది. అది పోకుండా ఆర్గాన్‌లో రెండు శాతం వరకు నైట్రోజన్ కలుపుతారు. 2209 వైరులో నికెల్‌ను 2205 కన్నా మూడు నాలుగు శాతం ఎక్కువ వేయడమూ అందుకే: అతుకు కొద్ది క్షణాల్లో చల్లారుతుంది, ఆలోపే ఆస్టెనైట్ పుట్టాలి. ఫిల్లర్ వేయకుండా ఉత్త ఆర్గాన్‌తో అంచులు కరిగించి అతికితే ఈ సాయం ఏదీ అందదు.

ఇంకో చిన్న చోటు ఉంది, చాలామంది దృష్టికి రాదు. అతుకు అంచున, కరిగిన లోహం కలియబడకుండా నిలిచిపోయే సన్నటి పొర. అది కరిగింది గానీ ఫిల్లర్‌తో కలవలేదు. ఆరు శాతం మాలిబ్డినం ఉన్న స్టీళ్లను అతికేటప్పుడు దీని ప్రభావం బాగా కనపడుతుంది. లోహం చెట్టు కొమ్మల ఆకారంలో గడ్డకడుతుంది. అప్పుడు మాలిబ్డినం ఆ కొమ్మల మధ్యకు జరిగిపోయి, కొమ్మల నడుములు పేదవవుతాయి. అల్లాయ్ 625 లాంటి ఎక్కువ మాలిబ్డినం ఉన్న నికెల్ ఫిల్లర్‌తో అతుకు లోపలి కొరతను పూడుస్తారు. ఈ కలవని పొరకు మాత్రం ఆ సాయం చేరదు.

ఇనుముతో జోడీ

స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముకు అతకాల్సిన అవసరం ఇంకా తరచుగా వస్తుంది. 304ఎల్ పలకను ఎంఎస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) స్టాండుకు 308ఎల్‌తో అతికితే, ఇందాకటి 30 శాతం లెక్కన అతుకులో క్రోమియం 16.7, నికెల్ 8.3 మిగులుతాయి. ఇనుము నుంచి కార్బన్ కూడా వస్తుంది. షెఫ్లర్ పటం మీద ఈ చుక్క మార్టెన్‌సైట్ కలిసే ప్రాంతంలోకి జారుతుంది. మార్టెన్‌సైట్ గట్టిది, పెళుసుది, పగిలేది. 309ఎల్ వాడితే క్రోమియం 19 పైన, నికెల్ పదిన్నర దగ్గర నిలిచి, కొద్దిపాటి ఫెర్రైట్ ఉన్న ఆస్టెనైట్ వస్తుంది. పలచబడినా సరిపోయేలా ముందే ఎక్కువ మిశ్రమం వేసిన వైరు ఇది.

ఇక రంగు వేసే సంగతి. తుప్పు పట్టేది ఇనుమే కదా అని ఇనుము వైపు మాత్రమే పెయింట్ వేస్తారు. సహజంగా తోచే ఆ పని ఇక్కడ ప్రమాదం. తడి తగిలితే ఇనుము, స్టెయిన్‌లెస్ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, ఇనుము కరుగుతుంది. ఎంత వేగంగా కరుగుతుందన్నది రెండింటి విస్తీర్ణాల నిష్పత్తి మీద ఉంటుంది. పెయింట్ మీద గోరంత గీత పడితే, ఆ గోరంత ఇనుము మీద మొత్తం స్టెయిన్‌లెస్ పలక బలం పడుతుంది. లోతుగా గుంట తవ్వుతుంది. స్టెయిన్‌లెస్ వైపు కూడా అతుకు దాటి కొంతదూరం పెయింట్ వేస్తే ఆ బలం తగ్గుతుంది. రెండింటిలో ఒకదానికే వేసే వీలుంటే స్టెయిన్‌లెస్‌కే వేయండి.

వేడి మీద పనిచేసే చోట సమస్య ఇంకో మలుపు తిరుగుతుంది. బాయిలర్ గొట్టాల్లో తక్కువ మిశ్రమం ఉన్న స్టీలు నుంచి కార్బన్ ఏళ్ల తరబడి స్టెయిన్‌లెస్ వైపు నడుస్తుంది. పైగా వేడికి ఒకటి తక్కువ, ఇంకోటి ఎక్కువ వ్యాకోచిస్తాయి. ప్లాంటు ఆపి నడిపిన ప్రతిసారీ అతుకు అంచు లాగబడుతుంది. నికెల్ ఫిల్లర్లు ఇక్కడ కార్బన్ నడకను నెమ్మదింపజేస్తాయి. కల్పక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం ఇంకో అడుగు ముందుకేసి, రెండింటినీ నేరుగా అతకకుండా నడుమ అల్లాయ్ 800 అనే మిశ్రమలోహపు ముక్క ఉంచే మూడు లోహాల అతుకును రూపొందించింది. ఆ ముక్క వ్యాకోచం రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది.

నికెల్ ఫిల్లర్ వేశాక నిశ్చింతే అనుకోవడానికీ లేదు. 2000 అక్టోబరులో అమెరికా దక్షిణ కరోలినాలోని వీ.సీ. సమ్మర్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ నాజిల్‌ను స్టెయిన్‌లెస్ పైపుకు కలిపిన అతుకు దగ్గర తెల్లని బోరిక్ ఆమ్లం పేరుకుని కనిపించింది. అల్లాయ్ 82, 182 ఫిల్లర్లతో వేసిన అతుకు గోడ లోపలి నుంచి బయటి దాకా పగిలి నీరు బయటకు వచ్చింది. కట్టేటప్పుడే ఆ అతుకును పదేపదే మరమ్మతు చేశారు. మరమ్మతు చేసిన ప్రతిసారీ లోపల లాగుడు మిగిలిపోతుంది. వేడి నీరు, ఆ లాగుడు, ఆ నికెల్ మిశ్రమం మూడూ కలిస్తే నెమ్మదిగా పగులు నడుస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల లోపాన్ని సరిచేయడానికి మొత్తం అతుకు తవ్వి మళ్లీ వేసేముందు ఇది గుర్తుండాలి.

పరీక్ష చదవడం

316ఎల్-2205 జోడీ నుంచి కోసిన ముక్కను 22 డిగ్రీల ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో 24 గంటలు ఉంచి, బరువు తగ్గిందని అతుకును తిరస్కరించారని అప్పుడప్పుడు వింటుంటాం. ఆ ఉష్ణోగ్రత 2205 అతుకుల కోసం పెట్టింది. ఆ ద్రావణంలో అంత వేడికి 316ఎల్ తనంతట తనే గుంటలు పడుతుంది, వెల్డింగ్ ఉన్నా లేకున్నా. బరువు ఎంత తగ్గిందో చెప్పే అంకె ఒక్కటే చూస్తే ఎవరిది తప్పో తెలియదు. ముక్కను కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి, గుంటలు ఏ గీతకు అటు ఉన్నాయో, ఇటు ఉన్నాయో చూడాలి. 316ఎల్ పలక మీద విడివిడిగా చెల్లాచెదురుగా ఉంటే అది ఆ స్టీలు స్వభావం. అతుకు అంచున 2205 వైపు వరసగా ఉంటే చల్లారిన తీరులో లోపముంది. అతుకు నడుమన ఉంటే ఫిల్లర్ పెట్టె మీద అంకె చూడండి, 308 అని ఉండొచ్చు.